ఇరవై ఏడో నంబరు పాట

మా గోనెసంచుల నియంత్రణ శాఖ జిల్లా కార్యాలయంలో పాట అనేది ఒక్కసారే వినబడింది. పదకొండేళ్ల కిందట రికార్డు రూములో ఒక అటెండరు కూనిరాగం తీశాడు. వెంటనే ఛార్జి మెమో ఇచ్చారు. ఆ అటెండరు రిటైరైపోయాడు గాని విచారణ ఇంకా జరుగుతూనే ఉంది. అలాంటి ఆఫీసులో ముప్పై ఎనిమిది మంది ఉద్యోగులు జపాన్ గాయనీమణుల పాటలు కోరుకోవడానికి వరసలో నిలబడే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసున్న సీనియర్ అసిస్టెంటుని. నేను ఏదైనా నమ్ముతాను.

మా కమిషనర్ గారు పోయిన ఆగస్టులో జపాన్ వెళ్లొచ్చారు. అక్కడ సంచి మూతి ఎలా కుడతారో చూసి రావడానికి అయిదు రోజుల అధ్యయన పర్యటన. నాలుగు రోజులు ఆయనకి సంచులే చూపించారు. అయిదో రోజుకి చూపించడానికి సంచులు అయిపోయాయి. అప్పుడు ఆతిథ్యమిచ్చిన కంపెనీవాళ్లు ఆయన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చారు. గోడకి తెర, తెరమీద పాట అక్షరాలు, వెనకనుంచి వాయిద్యం. గొంతు మాత్రం మనం పెట్టుకోవాలి. దీన్ని కరోకే అంటారట. ఆ గదిలో కంపెనీ మేనేజరు, గుమస్తా, సంచులు మోసే మనిషి ఒకరి తర్వాత ఒకరు పాడారు. జపాన్ సంచులు ఎందుకు చినగవో కమిషనర్ గారికి ఆ క్షణంలో తెలిసిపోయింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. “జపాన్ దేశ పారిశ్రామిక ప్రగతికి సిబ్బంది గానమే మూలకారణమని క్షేత్రస్థాయి పరిశీలనలో రుజువైనందున, ఈ శాఖయందలి ప్రతి ఉద్యోగియు జపాన్ దేశపు పాట ఒకటి కరోకే పద్ధతిన పాడవలెను. సదరు పాట మహిళా గాయని పాడినదై ఉండవలెను.”

మహిళా గాయనే ఎందుకని కొందరు అడిగారు. శాఖకి ఆ ఏడాది రెండు లక్ష్యాలున్నాయి. ఒకటి విదేశీ మైత్రి, రెండోది మహిళా సాధికారత. సంవత్సరం సగం దాటినా రెండు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. జపాన్ ఆడవాళ్లు పాడిన పాట ఒకటి పాడితే రెండింట్లోనూ టిక్కు పడుతుంది. ఇంత ఆలోచన చేసినవాళ్లు కమిషనర్లు కాక ఇంకేమవుతారు!

సర్క్యులర్‌తోపాటు ఒక కరోకే యంత్రం, మా జిల్లా వాటాకింద ముప్పై ఎనిమిది పాటల జాబితా వచ్చాయి. జపాన్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో అచ్చువేసి, కింద భావం కూడా ఇచ్చారు. చివర రెండు నిబంధనలు. ఒకే పాటని ఇద్దరు పాడితే ద్వంద్వ వినియోగం కింద లెక్క. పరీక్షలో బి గ్రేడు కంటే తక్కువ తెచ్చుకున్న రెగ్యులర్ ఉద్యోగులను “మరింత సాధన చేయవలసినదిగా కోరడమైనది”. అవుట్‌సోర్సింగ్ సిబ్బందికైతే “కాంట్రాక్టు పొడిగింపు ఉండదు”.

మా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మనిషి ఒక్కతే. డేటా ఎంట్రీ ఆపరేటరు కట్టా సలోమి.

ఎవరికి ఏ పాట అన్నది తేల్చడానికి మా జిల్లా నియంత్రణాధికారి గంధం త్రివిక్రమరావు గారు మీటింగ్ పెట్టారు. ఆయన మామూలు మాట కూడా ఫైల్లో రాసినట్టే మాట్లాడతారు.

“పాటల ఎంపిక అనునది మిక్కిలి సున్నితమైన అంశము. ఎవరికి నచ్చినది వారు పాడుకొనుటకు ఇది స్నానాలగది కాదు. తగు విధానము రూపొందించవలసి యున్నది” అన్నారు.

సంఘం కార్యదర్శి గురవయ్య లేచాడు. “విధానమేముందండీ! బదిలీలకి కౌన్సెలింగ్ పెడుతున్నారుగా, పాటలకీ పెట్టండి. సీనియారిటీ లిస్టు గోడకి అంటించండి. పెద్దోడు ముందు కోరుకుంటాడు, చిన్నోడు మిగిలింది తీసుకుంటాడు. వెనక గుమ్మంలోంచి ఎవరికన్నా మంచి పాట పోయిందా, టెంటేసుక్కూర్చుంటాం!”

అందరూ బల్లలు చరిచారు. మార్గదర్శకాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. పదకొండు పేజీలు రాశాను. నా సర్వీసులో అంత ఇష్టంగా రాసిన ఫైలు లేదు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే పనిచేస్తుంటే వాళ్ల పాటలు పక్కపక్క నంబర్లలో ఉండాలన్నాను. గొంతు సమస్య ఉన్నవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ తెస్తే కింది స్థాయి పాటల్లో ప్రాధాన్యం ఇచ్చాను. రెండేళ్లలోపు రిటైరయ్యేవాళ్లు రాసిస్తే పాటనుంచి పూర్తిగా మినహాయింపు.

ఈ చివరి మాట చదవగానే మా సూపరింటెండెంట్ వేమూరి నరహరి గారు ముఖం చిట్లించారు. ఆయనకి ఇంకా పద్నాలుగు నెలలే సర్వీసుంది. సీనియారిటీలో త్రివిక్రమరావు గారి తర్వాత ఆయనే.

“నాకా మినహాయింపు? ముప్పై ఆరేళ్లలో నాకు రావాల్సింది నేనేదీ వదులుకోలేదోయ్ చలపతీ. ఆఖర్న పాట వదులుకుంటానా? వద్దని రాసిస్తాను, ఫైల్లో పెట్టుకో” అని అక్కడికక్కడే రాసి సంతకం చేశారు. నేను ఫైల్లో పెట్టుకున్నాను.

డాక్టరు సర్టిఫికెట్ల కోసం మర్నాడు పంతొమ్మిది మందికి గొంతు పోయింది. గొంతు డాక్టరు దగ్గర వరసలో నేను ముందంటే నేను ముందని ఆ పంతొమ్మిది మందీ అరుచుకున్న అరుపులకి ఆయన బయటికొచ్చి, ఎవరినీ పరీక్ష చెయ్యకుండానే అందరూ ఆరోగ్యంగా ఉన్నారని రాసిచ్చేశాడట.

పాటల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు జనం దాని చుట్టూ మూగారు. ఎవరూ పాట ఎలా ఉంటుందని అడగలేదు. ఎన్ని నిమిషాలుంటుందనే అడిగారు. నాలుగో నంబరు నిమిషం యాభై రెండు సెకన్లే, అందులోనూ సగం ‘ఊఁ’ కొట్టడమే. అందుకే త్రివిక్రమరావు గారు పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా దాన్ని కౌన్సెలింగ్‌కి ముందే తన పేర రాయించుకున్నారు. పదకొండో నంబరులో మొత్తం రెండే మాటలు. అన్నిటికంటే భయంకరమైనది ముప్పై ఎనిమిదోది. ఏడు నిమిషాలు. ఒక అమ్మాయి రైలెక్కి ఊపిరి తీసుకోకుండా నలభై ఆరు స్టేషన్ల పేర్లు చెబుతుంది. ఆ హడావిడిలో తను దిగాల్సిన స్టేషను దాటిపోతుంది.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్లాక సలోమి నా బల్ల దగ్గరికొచ్చింది. ఎప్పుడూ తలొంచుకుని టైపు చేసుకునే మనిషి. ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోతోంది.

“సార్, ఆ ఇరవై ఏడు నాకొచ్చు సార్.”

“వచ్చంటే?”

“పాడతాను సార్. పెళ్లికి ముందు నెల్లూరు వైపు కార్ల వైర్లు కట్టే ఫ్యాక్టరీలో మూడేళ్లు చేశాగా. మాకు క్వాలిటీ చూసే మేడం జపానావిడ, నోబుకో మేడం. నెలాఖరు రోజు క్యాంటీన్లో ఇదే పాడేది. విని విని వచ్చేసింది. మా చిన్నదానికి ఇది పాడితేగాని ముద్ద దిగదు సార్.”

గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి రెండు చరణాలు పాడింది. నాకు సంగీతం తెలియదు. చేతిలో ఉన్న రబ్బరు స్టాంపు కింద పెట్టేశానని మాత్రం తెలుసు. ఆ పాట భావం జాబితాలో ఉంది. వాన వెలిశాక స్నేహితురాలి ఇంటినుంచి బయల్దేరిన ఒకామె గొడుగు అక్కడే మర్చిపోతుంది. సగం దారిలో గుర్తొస్తుంది గాని వెనక్కి వెళ్లదు. గొడుగు అక్కడుంటే మళ్లీ ఒకసారి వెళ్లొచ్చు కదా అనుకుంటుంది. అంతే పాట.

“మరింకేం, హాయిగా పాడు” అన్నాను.

“నేను లిస్టులో ఆఖరిదాన్ని సార్” అంది సలోమి. “నాదాకా మిగలాలిగా. వేరే పాట నా వల్ల కాదు. ఆ రైలు పాట మిగిలిందంటే ఇక నా పని అయిపోయినట్టే. తొమ్మిదేళ్ల నుంచి ఉన్నా సార్. మా ఆయన ఆటో ఫైనాన్సోళ్లు పట్టుకుపోయాక ఇంట్లో జీతం నాదొక్కటే.”

ఆమె పాట విన్నాక నాకేదో అయింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరికోసమూ చెయ్యని పని ఆ సాయంత్రం చేశాను. జాబితాలో రిమార్కుల గడి ఒకటుంటుంది. ఇరవై ఏడో నంబరు ఎదురుగా ఆ గడిలో “ఈ పాటపై అభ్యంతరములున్నవి. పరిశీలనలో ఉన్నది. కోరుకొనువారు తమ బాధ్యతపై కోరుకొనవలెను” అని రాశాను. ఇంక దాని జోలికి ఎవరొస్తారు? ఆ రాత్రి కమ్మగా నిద్రపట్టింది.

నేను మర్చిపోయిందేమిటంటే, మా ఆఫీసులో ప్రతివాడూ నాలుగైదు బదిలీ కౌన్సెలింగులు చూసినవాడే. ఏ ఊరి పోస్టు ఎదురుగా ‘పరిశీలనలో ఉంది’ అని రాస్తారో ఆ ఊరే అన్నిటికంటే మంచిదని, ఎవరి బామ్మర్దికోసమో దాచి ఉంచారని వాళ్లకి తెలుసు. ఆ పాఠం వాళ్లకి నేర్పింది మా శాఖే.

మర్నాడు పదకొండు గంటలకల్లా గురవయ్య నా బల్ల మీద చెయ్యేసి నిలబడ్డాడు. “చలపతి గారూ, ఇరవై ఏడు ఎవరికోసం బ్లాక్ చేశారండీ?”

“ఎవరికోసమూ కాదయ్యా. అందులో ఏవో ఇబ్బందులున్నాయి.”

“అట్టాగే. మాకూ చెవులున్నాయి లెండి.”

మధ్యాహ్నానికి ఆ పాట గురించి కథలు పుట్టాయి. అది పాడినవాళ్లకి ఏకంగా ప్రమోషనట. హెడ్డాఫీసునుంచి ఎవరికో ముందే ఫోనొచ్చిందట. సాయంత్రానికి ఇరవై ఏడో నంబరు తమ మనిషికి ఇప్పించవలసిందిగా కోరుతూ ఇద్దరు శాసనసభ్యుల సిఫార్సు ఉత్తరాలొచ్చాయి. సలోమి కీబోర్డు మీంచి తలెత్తి నావైపు ఒకసారి చూసింది. నేను ఫైళ్ల వెనక దాక్కున్నాను.

కౌన్సెలింగ్ రోజు హాల్లో తెరమీద ఖాళీల జాబితా వేశారు. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం గడువు. నరహరి గారు మడత నలగని ఖద్దరు చొక్కాలో వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అన్నారు.

“ఇరవై ఏడు.”

“సార్, దానిమీద అభ్యంతరాలున్నాయి” అన్నాను, చివరి ప్రయత్నంగా.

“తెలుసోయ్, తెలుసు. నా బాధ్యత మీదే కోరుకుంటున్నా. ఎవరికోసం దాచావో వాళ్లకి చెప్పు, నరహరి ఇంకా రిటైర్ కాలేదని.”

హాలంతా చప్పట్లు. అవినీతిని ఓడించినట్టు అందరి ముఖాల్లోనూ తృప్తి. ఆయన ఆ పాట ఒక్కసారి కూడా వినలేదు. సాయంత్రం అయిదింటికి సలోమి వంతొచ్చేసరికి తెరమీద ఒకే ఒక్క పాట మిగిలింది. ఆమె ముప్పై ఎనిమిది అని చెప్పి, సంతకం పెట్టి, తన సీటుకి వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

నెల తిరిగేసరికి పరీక్ష. కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. వెంట ఒక జపాన్ అతిథి. సంచుల కంపెనీ యజమానురాలు, డెబ్బయ్యేళ్ల పైబడ్డ సన్నటి ఆవిడ. పక్కన మాటలు చెప్పే దుబాసీ. కమిషనర్ గారు వేదికకి ఎదురుగా సోఫాలో కూర్చున్నారు. ఆవిడకి ఫ్యాను కింద పక్కగా కుర్చీ వేశారు. కంప్యూటర్లు తెలిసింది సలోమికే కాబట్టి కరోకే యంత్రం నడిపే పనీ ఆమెదే. హాలు మూల క్రోటన్ కుండీల వెనక కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. సోఫాలోంచి చూస్తే ఆమె కనబడదు. ఫ్యాను కింద కుర్చీలోంచి కనబడుతుంది.

త్రివిక్రమరావు గారు తమ ‘ఊఁ’లు కొట్టారు. సగం కొట్టాక, “తక్కిన భాగము పై విధముగానే” అని మైకు కింద పెట్టేశారు. జపాన్ ఆవిడ తల వంచి అభివాదం చేసింది. తర్వాత నరహరి గారు.

వాయిద్యం మొదలైంది. తెరమీద మొదటి అక్షరాలు వచ్చాయి. నరహరి గారు నోరు తెరిచారు. నోరు తెరుచుకునే ఉంది గాని అందులోంచి ఏమీ రాలేదు. చెమటలు మాత్రం వచ్చాయి. ఒక వరస వెళ్లిపోయింది. రెండో వరస కూడా సగం దాటింది. అప్పుడు మూలనుంచి పాట వినబడింది.

సలోమికి ఆ పాట వృథాగా పోవడం చూడబుద్ధి కాలేదట. తర్వాత చెప్పింది. “నోటికొచ్చేసింది సార్, ఆపుకోలేకపోయా” అంది.

మా నరహరి గారి గొప్పతనం అక్కడే చూడాలి. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మన సినిమాలు చూసిన మనిషి. గొంతు ఒకరిది, పెదవులు ఒకరివి అన్న పద్ధతి ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క క్షణం తత్తరపడ్డారంతే. ఆ వెంటనే పెదవులు కదపడం మొదలెట్టారు. రెండో చరణానికి చెయ్యి కూడా ఊపారు. గొడుగు మర్చిపోయిన చోట కళ్లు తుడుచుకున్నారు. నిజం చెప్పొద్దూ, నా కళ్లూ తడిశాయి. ఎవరిని చూసి తడిశాయన్నది వేరే సంగతి.

హాల్లో అందరికీ తెలుసు. ఒక్క కమిషనర్ గారికి తప్ప. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“అద్భుతము! పాడినది మహిళా గాయని గనుక స్త్రీ కంఠముతోనే పాడవలెనని ఈయన చేసిన సాధన చూడండి. ఇదీ నిబద్ధత అనగా! ఏ ప్లస్!”

జపాన్ ఆవిడ కూడా లేచింది. లేచి, వేదికవైపు కాకుండా హాలు మూలకి తిరిగి, నడుము బాగా వంచి చాలాసేపు అభివాదం చేసింది. క్రోటన్ కుండీల వెనక సలోమి లేచి చేతులు జోడించింది. సోఫాలోంచి చూసిన కమిషనర్ గారికి కుండీల పైన కంప్యూటరు ఒక్కటే కనబడింది. ఆయన పీఏ చెవిలో ఏదో చెప్పారు, పీఏ రాసుకున్నాడు.

చివర్న సలోమి వంతు వచ్చింది. పన్నెండో స్టేషను దగ్గర ఊపిరి అందలేదు. పద్నాలుగో స్టేషను దగ్గర రైలు ఆమెని వదిలేసి వెళ్లిపోయింది. డి గ్రేడు.

నెలాఖరుతో సేవలు ముగుస్తాయని ఆమెకి ఇవ్వాల్సిన నోటీసు నేనే టైపు చేయించాలి. టైపు చేసేది ఆమే. “ఇందుమూలముగా కట్టా సలోమి అను మీకు తెలియజేయునది ఏమనగా” అని నేను చెబుతుంటే ఆమె టైపు చేసింది. మధ్యలో ఒక చోట తప్పుంటే దిద్దింది కూడా. నాకు సిగ్గేసింది. ఆ రిమార్కు నేను రాయకుండా ఉంటే ఆ పాట ఎవరికీ పట్టేది కాదేమో అని ఆ రోజంతా అన్నం సయించలేదు.

“సప్లిమెంటరీ పరీక్ష ఉందమ్మా, పాతిక రోజుల్లో. అదే పాటలో మళ్లీ...” అన్నాను.

“ఆ రైల్లో ముప్పై రెండు స్టేషన్లు మిగిలున్నాయి సార్” అంది.

కమిషనర్ గారి దగ్గర్నుంచి రెండు ఉత్తర్వులొచ్చాయి. మొదటిది అన్ని జిల్లాలకీ. “జపాన్ అతిథి మన కార్యాలయ కంప్యూటరునకు వంగి అభివాదము చేయుట గమనించడమైనది. యంత్రముల పట్ల ఆ జాతికి గల గౌరవము మనకు ఆదర్శము. ఇకమీదట ప్రతి పనిదినము ఉదయము పదిన్నర గంటలకు సిబ్బంది యావన్మందియు కంప్యూటరు ఎదుట నిలిచి నడుము వంచి అభివాదము చేయవలెను.” మర్నాటినుంచే మొదలెట్టాం. నడుం నొప్పి ఉన్నవాళ్లు సర్టిఫికెట్లకి వెళ్లారు.

రెండో ఉత్తర్వు నరహరి గారికి. వచ్చే నెల రాజధానిలో మంత్రిగారి ఎదుట ఇరవై ఏడో నంబరు పాట పాడాలి. వేదికమీద ఆయన ఒక్కరే ఉండాలి. యంత్రం అక్కడివాళ్లదే, నడిపేదీ అక్కడివాళ్లే.

అప్పటిదాకా ఆయన, “ఆ రోజు కాస్త జలుబుగా ఉందోయ్, లేకపోతే ఇంకా బాగా పాడేవాణ్ణి” అని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారు. ఉత్తర్వు చదివాక కుర్చీలో కూలబడి, మంచినీళ్లు తాగి, సలోమి దగ్గరికి వెళ్లారు. ముప్పై ఆరేళ్లలో ఆయన ఒకరి బల్ల దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి.

“అమ్మాయ్, రాజధానికి రావాలి నువ్వు. తెర వెనకాల ఎక్కడో ఒకచోట...”

“నా నోటీసు గడువు నెలాఖరుకి అయిపోద్ది సార్. ఆ తర్వాత నేను ఆఫీసు మనిషిని కాదు. తెర వెనక్కి పాస్ ఎవరిస్తారు సార్?” అంది సలోమి. గొంతులో వెటకారం లేదు. కీబోర్డు మీద వేళ్లు ఆగలేదు.

నరహరి గారు అక్కణ్ణుంచి సరాసరి నా దగ్గరికొచ్చారు.

“చలపతీ, ఈ పాట వదిలించుకునే దారేదైనా ఉందా?”

ఉంది. పదకొండు పేజీలు ఊరికే రాశానా? రిటైర్మెంటుకి రెండేళ్లలోపు ఉన్నవాళ్ల మినహాయింపు చూపించాను. వద్దని రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకోవచ్చని కూడా చెప్పాను. ఆయన అప్పటికప్పుడు రాసిచ్చి సంతకం చేశారు. మంత్రిగారి ఎదుట పాడే ఉత్తర్వు దాంతో రద్దయింది. పాట లేని ఉద్యోగిని పాటకి పంపడం నిబంధనలకు విరుద్ధం. ఇరవై ఏడో నంబరు ఖాళీ అయింది. ఖాళీ ఏర్పడితే రెండో విడత కౌన్సెలింగ్ పెట్టి తీరాలి. అదీ నేనే రాశాను.

తీరా చూస్తే ఆఫీసంతా దానికోసమే కాచుకుని ఉంది. ఏ ప్లస్ తెచ్చిన పాట, మంత్రిగారి దాకా వెళ్లిన పాట. పాడటం రాకపోయినా సలోమి ఉందిగా అన్న ధైర్యం ఒకటి. గురవయ్య సీనియారిటీ లిస్టులో మూడోవాడు. “ఈసారి సంఘానిదే” అని వరండాలో బాహాటంగా చెబుతున్నాడు. మళ్లీ ముప్పై అయిదు మందిని దాటి ఆ పాట సలోమి దాకా రావాలి. ఆమె సప్లిమెంటరీకి ఎనిమిది రోజులే ఉంది.

నేను జాబితా ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పోయినసారి ఏం చేశానో గుర్తుచేసుకున్నాను. అప్పుడు పెన్ను తీసి ఇరవై ఏడో నంబరు ఎదురుగా రిమార్కుల గడిలో రాశాను: “క్లియర్ వేకెన్సీ. మిక్కిలి సులభమైన పాట. ఎట్టి అభ్యంతరములును లేవు. అర్హులైన వారందరూ నిస్సంకోచముగా కోరుకొనవచ్చును.” కింద ఎర్ర సిరాతో ఒక గీత కూడా గీశాను.

నోటీసు బోర్డు దగ్గర జనం మూగారు. గురవయ్య రెండుసార్లు చదివి నా దగ్గరికొచ్చాడు.

“ఏంటండీ ఇది? సులభమని రాశారేంటి?”

“సులభమేనయ్యా. తీసుకో. నీకు చాలా బాగుంటుంది” అని ఆప్యాయంగా భుజం తట్టాను.

గురవయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. తిన్నగా నరహరి గారి దగ్గరికి వెళ్లి, ఆ పాట ఎందుకు వదిలేశారని అడిగాడు. ఆయన మెడ తుడుచుకుంటూ, “ఏం లేదయ్యా, ఏం లేదు. చాలా మంచి పాట. నిక్షేపంగా కోరుకోండి” అన్నారు. అంతే. అరగంటలో ఆఫీసంతా పాకిపోయింది. ఆ పాటమీద విచారణ పడుతోందట. నరహరి గారు ముందే పసిగట్టి తప్పుకున్నారట. చలపతి ఎవరినో ఇరికించాలని చూస్తున్నాడట.

కౌన్సెలింగ్ రోజు గురవయ్య మైకు ముందుకొచ్చి, “ఉన్న పాటతోనే తృప్తిగా ఉన్నాను” అన్నాడు. అతని వెనక ముప్పై నాలుగు మంది వరసగా అదే మాట అన్నారు. అంత తృప్తి మా శాఖలో ఏనాడూ చూడలేదు. ఆఖర్న సలోమి వచ్చింది. తెరవైపు చూడలేదు, నావైపు చూసింది.

“ఇరవై ఏడు సార్” అంది.

“పాపం పిల్ల” అన్నారు వెనక ఎవరో.

సప్లిమెంటరీ పరీక్ష వీడియో కాన్ఫరెన్సులో పెట్టారు. కమిషనర్ గారు రాజధానిలో, మేం ఇక్కడ. సలోమి ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకొచ్చింది. ఈసారి కుండీల వెనక కాదు, హాలు మధ్యలో నిలబడి పాడింది. కాగితం చూడలేదు. తెర కూడా చూడలేదు. గొడుగు మర్చిపోయిన చోట చిన్నగా నవ్వింది. నరహరి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టేశాను కూడా.

కమిషనర్ గారు తెరమీద గడ్డం నిమురుకున్నారు.

“ఫరవాలేదు. ప్రయత్నము హర్షణీయము. కానీ శ్రీ నరహరి గారి కంఠములోని ఆ మాధుర్యము, ఆ స్త్రీ సహజమైన లాలిత్యము ఈమెకు రాలేదు. ఇంకనూ సాధన అవసరము. బి గ్రేడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి ఏదో అనబోయాను. సలోమి నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“బి చాలు సార్. ఏడాది పొడిగిస్తారు” అంది.

మర్నాడు ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆమె చేతే టైపు చేయించాను. పదిన్నర అయింది. బెల్లు కొట్టారు. త్రివిక్రమరావు గారు ముందు, నరహరి గారు ఆయన వెనక, గురవయ్య, నేను, మొత్తం ముప్పై ఏడు మందిమీ కంప్యూటరు ఎదుట వరసగా నిలబడ్డాం. కంప్యూటరు ముందు కుర్చీలో సలోమి ఉంది.

“నేను లేవాలా సార్?” అని అడిగింది మెల్లగా.

సర్క్యులర్ తీసి చదివాను. ఆపరేటరు లేవాలని అందులో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పాను.

సరేనని ఆమె సర్దుకుని కూర్చుంది. మేమంతా నడుములు వంచాం.